గాలం పక్కన కూర్చోగల కుక్క

చేపల వేటకు తోడుగా కుక్కను వెతికేవారు సాధారణంగా మొదట అడిగేది ఏ జాతి బాగా ఈదుతుంది అని. జవాబుగా లాబ్రడార్ పేరు వినిపిస్తుంది. కాస్త చదివినవారైతే న్యూఫౌండ్‌లాండ్, పోర్చుగీస్ వాటర్ డాగ్ పేర్లు కూడా చెబుతారు. అవన్నీ గొప్పగా ఈదే కుక్కలే, సందేహం లేదు. అయితే గాలం వేటలో కుక్కకు ఈతతో పనేముంది? తెల్లవారుజామునే గట్టెక్కి, నీళ్లపై తేలే బెండు మీద చూపు నిలిపి, రెండు మూడు గంటలు కదలకుండా కూర్చునే మనిషి పక్కన అది కూడా కుదురుగా ఉండాలి. బెండు మునిగితే మొరగకూడదు. చేప గట్టున పడి కొట్టుకుంటుంటే మీదికి దూకకూడదు. ఎర డబ్బా మూత తీసి ఉన్నా అందులో మూతి పెట్టకూడదు. నీళ్లు కనబడగానే ఒళ్లు మరిచిపోయే కుక్కకు ఈ మూడూ కష్టమే. అందుకే ముందు చూడాల్సింది నిదానం. ఈత, పొరపాటున నీళ్లలో పడితే ఒడ్డు చేరేంత వస్తే చాలు.

జాతి పేరు చూసి కుక్కను కొనేవారు ఇక్కడే దెబ్బతింటున్నారు. ఆ జాతులను జాలరులు ఏ పనికి పెంచారో తెలిస్తే సంగతి అర్థమవుతుంది.

జాలరుల కుక్కలు చేసిన పని

కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్ దీవి కాడ్ చేపల వేటకు పేరుపడ్డ చోటు. అక్కడి జాలరుల దగ్గర సెయింట్ జాన్స్ వాటర్ డాగ్ అనే నల్లటి, పొట్టి వెంట్రుకల కుక్క ఉండేది. గాలం నుంచి జారిపోయిన చేపను నీళ్లలోనే పట్టుకుని తేవడం, వల తాళ్ల కొసలను నోట కరిచి ఒడ్డుకు చేర్చడం దాని పని. 19వ శతాబ్దంలో చేపల ఓడలతో పాటే ఈ కుక్కలు ఇంగ్లండ్‌లోని పూల్ రేవుకు వచ్చాయి. అక్కడ మామ్స్‌బరీ ఎర్ల్‌లు, స్కాట్లండ్‌లో బక్లూ డ్యూక్‌లు పిట్టల వేట కోసం వాటి సంతతిని శ్రద్ధగా పెంచారు. ఆ సంతతే నేటి లాబ్రడార్ రిట్రీవర్. బ్రిటన్ కెన్నెల్ క్లబ్ దాన్ని 1903లో గుర్తించింది. మూలజాతి మాత్రం పుట్టిన గడ్డ మీదే అంతరించింది. గొర్రెల పెంపకాన్ని పెంచడానికి కుక్కల మీద వేసిన ఆంక్షలు, పన్నులు దాన్ని తగ్గిస్తూ వచ్చాయి. తెలిసినంతలో చివరిగా మిగిలిన రెండు కుక్కలు 1980ల దాకా బతికాయి. రెండూ మగవే కావడంతో ఆ జాతి వాటితోనే ముగిసింది.

పోర్చుగల్ దక్షిణాన అల్గార్వ్ తీరపు పోర్చుగీస్ వాటర్ డాగ్‌ది మరో కథ. చేపల గుంపును వల వైపు తోలడం, ఒక పడవ నుంచి ఇంకో పడవకు సందేశం చేరవేయడం, నీళ్లలో జారిపడ్డ సామాను వెతికి తేవడం దాని విద్యలు. వేట పద్ధతులు మారి దాని పని దానికి లేకుండా పోయింది. 1930ల నాటికి ఆ జాతి దాదాపు కనుమరుగైంది. వాస్కో బెన్సాద్ అనే సంపన్న వ్యాపారి మిగిలినవాటిని కూడగట్టి పెంచకపోతే, 2009లో ఒబామా కుటుంబంతో పాటు వైట్‌హౌస్‌లో కనిపించిన ‘బో’ పుట్టేదే కాదు.

ఈ రెండు చోట్లా జాలరి కోరుకున్న గుణాలు ఒక్కటే. చెప్పకముందే నీళ్లలోకి దూకాలి, కదిలేదాని వెంటపడాలి, దాన్ని నోటితో పట్టాలి. సముద్రం మీద వేటలో అవి వరాలు. గట్టు మీద గాలం దగ్గరికి వచ్చేసరికి అవే మూడు గండాలు. దూకితే చేపలు చెదురుతాయి, దారం కాళ్లకు చుట్టుకుంటుంది. కదిలేదాని వెంటపడితే బెండు వెనకే పోతుంది. నోటితో పడితే చేపతో పాటు గాలమూ నోట్లోకి వెళ్తుంది.

లాబ్రడార్‌కు న్యాయం చేయాలంటే ఇంకో మాట కూడా చెప్పాలి. బాతుల వేటకు తయారుచేసే లాబ్రడార్‌కు ముందుగా నేర్పే వాటిలో ఒకటి కుదురు. తుపాకీ పేలినా, కళ్ల ముందే పిట్ట పడినా, ‘వెళ్లు’ అనేదాకా అది లేవకూడదు. అంటే ఆ కుదురు దానికి అసాధ్యమేమీ కాదు, నేర్పితే వస్తుంది. మన ఊళ్లలో అమ్ముడయ్యే లాబ్రడార్ పిల్లలకు ఆ శిక్షణ ఇచ్చేవారు అరుదు. రెండేళ్లు నిండేదాకా వాటి తుళ్లింత తగ్గదు కూడా. మూడేళ్లు దాటి, మాట వినే లాబ్రడార్ ఇంట్లో ఉంటే గట్టుకు తీసుకెళ్లి చూడవచ్చు. గాలం వేట కోసమే కొత్తగా లాబ్రడార్ పిల్లను కొనడం మాత్రం తొందరపాటు.

ఎర డబ్బా దగ్గర

లాబ్రడార్ తిండి యావ అందరికీ తెలిసిందే. దానికి జన్యు కారణం కూడా ఉంది. కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం, లాబ్రడార్లలో సుమారు నాలుగింట ఒక వంతు కుక్కల్లో పీఓఎంసీ అనే జన్యువులో కొంత భాగం లోపించి ఉంటుంది. కడుపు నిండిందన్న కబురు మెదడుకు సరిగా అందదు. అలాంటి కుక్క ఎప్పుడూ ఆకలిగానే ఉంటుంది, కనిపించిన తిండినల్లా మింగడానికి చూస్తుంది.

ఇప్పుడు మన ఎరలను చూడండి. బొచ్చె, శీలావతి కోసం తవుడు, వేరుశెనగ చెక్క, బెల్లం, మైదా కలిపి పిసికిన ముద్ద. జెల్లల కోసం కోడి పేగులు, కార్జం ముక్కలు. వీటిలో కుక్క కాదనేది ఒక్కటీ లేదు. గాలానికి గుచ్చిన పిండి ముద్ద గట్టు రాయి మీద పెట్టి, దారం చిక్కు విప్పుకోవడానికి మనిషి అటు తిరిగే క్షణం చాలు. వానపాము ఎరను చాలా కుక్కలు వాసన చూసి వదిలేస్తాయి గానీ పిండి ముద్దను, పేగును వదిలే కుక్క చాలా అరుదు.

గాలం మింగితే ఏం చేయాలో కుక్కను తీసుకెళ్లే ప్రతి ఒక్కరికీ ముందే తెలిసి ఉండాలి. నోట్లోంచి దారం వేలాడుతుంటే దాన్ని పట్టుకు లాగడం అన్నిటికన్నా ప్రమాదం. గాలం కొనకు వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లు అన్నవాహికలోనో కడుపు గోడలోనో దిగబడుతుంది, లాగిన కొద్దీ చీల్చుతుంది. దారాన్ని నోటి దగ్గరికంటా కోసేయడమూ తప్పే. డాక్టరుకు దారి చూపేది ఆ దారమే. అది పేగుల్లోకి జారితే పేగులను ముడతలు ముడతలుగా లాగేసి ఇంకో ఆపద తెస్తుంది. గాలపు కర్ర (రాడ్) వైపు దారం తెంచి, మూరెడు మిగిల్చి, కొసను వదులుగా మెడపట్టీకి కట్టి, తిండీ నీళ్లూ పెట్టకుండా, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. ఎక్స్‌రే తీస్తే గాలం ఎక్కడుందో తెలుస్తుంది. పైభాగంలో ఉంటే ఎండోస్కోపీతో తీయవచ్చు, లేకపోతే ఆపరేషనే.

పెదవికో పాదానికో పైపైన గుచ్చుకుంటే పని తేలిక. గాలాన్ని వచ్చిన దారిన వెనక్కి పీకకుండా, ముందుకు తోసి కొన బయటపడ్డాక ఆ ముల్లును కటింగ్ ప్లేయర్‌తో తుంచి, మిగతాది వెనక్కి తీయాలి. నొప్పిలో ఎంత సాధువైన కుక్కయినా కరుస్తుంది కాబట్టి ముందు మూతి కట్టాలి. కుక్క వెంట ఉన్న రోజు గాలాల ముల్లును ప్లేయర్‌తో నొక్కి చదును చేసుకుంటే ఈ బాధ సగం తగ్గుతుంది. ఒకటో రెండో చేపలు తప్పించుకుంటాయి, పోనీయండి. మూడు కొక్కేలు కలిసి ఉండే ట్రెబుల్ గాలాలు, చేప బొమ్మలా మెరిసే ల్యూర్లు కుక్క ఉన్న రోజు పెట్టెలోంచి బయటికి తీయకపోవడమే మేలు.

ఎండ తేల్చే లెక్క

తెలుగు నేల మీద ఎంపికను నిజంగా తేల్చేది ఎండ. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పడమే దాని చల్లదనం. గాలిలో తేమ ఎక్కువైతే ఆ రొప్పు కూడా సరిగా పనిచేయదు. అందుకే కాకినాడ, మచిలీపట్నం వైపు ఉక్కపోత, థర్మామీటరు చూపే అంకె కన్నా కుక్కకు ఎక్కువ భారం. మామూలుగా 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ మధ్య ఉండే కుక్క ఒంటి వేడి 105 దాటిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. అప్పుడు నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ, గాలి విసురుతూ, వైద్యుడి దగ్గరికి పరుగెత్తాలి.

ఈ లెక్కలో కొన్ని జాతులు మొదటే తప్పుకుంటాయి. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఊపిరే కష్టం, ఈత ఇంకా కష్టం. హస్కీ, సెయింట్ బెర్నార్డ్, న్యూఫౌండ్‌లాండ్ మంచు దేశాల ఒళ్లు. వాటిని చెరువు గట్టు మీద కూర్చోబెట్టడం హింస అనే చెప్పాలి. లాబ్రడార్‌కూ చన్నీళ్ల కోసం ఏర్పడ్డ రెండు పొరల వెంట్రుకలున్నాయి. చలికాలంలో, మిగతా రోజుల్లో పొద్దెక్కేలోపు అది ఫర్వాలేదు. ఏప్రిల్, మే నెలల్లో పది గంటలకు గట్టు మీద ఉండకూడదు. గట్టు రాళ్లు, పడవ రేకు ఎంత కాలుతున్నాయో చేతి వెనుక వైపు ఆనించి చూస్తే తెలుస్తుంది. ఐదారు సెకన్లు ఆనించలేకపోతే కుక్క పాదాలూ ఓర్చుకోలేవు.

మన నాటు కుక్క విలువ ఇక్కడ బయటపడుతుంది. పొట్టి వెంట్రుకలు, సన్నని ఒళ్లు, పొడుగు మూతి, నిలబడే చెవులు. ఆ చెవులకు గాలి తగిలి తడి త్వరగా ఆరుతుంది. వేలాడే చెవుల లాబ్రడార్, స్పానియల్ చెరువులో మునిగిన ప్రతిసారీ చెవి లోపల తుడవకపోతే చీము పడుతుంది. నాటు కుక్క బరువు కూడా ఒక మనిషి ఎత్తుకోగలిగినంతే. లోపాలూ ఉన్నాయి. కొత్త మనిషిని చూసి మొరగడం, ఇతర కుక్కలతో హద్దుల తగాదాలు దాని రక్తంలో ఉన్నవి. చిన్నప్పటి నుంచి పది మందిలో తిరిగిన నాటు కుక్కల్లో ఇవి బాగా తక్కువ. తెలుగు రాష్ట్రాల్లో గాలం వేటకు తోడు కావాలంటే, అన్నీ తూచి చూశాక ముందు నిలిచేది అలా పెరిగిన నాటు కుక్కే. పైగా దానికి వేలు పోసి కొనాల్సిన పని లేదు, ఒక ఇల్లు దొరికితే చాలని ఎదురుచూసేవి వీధికి నాలుగున్నాయి.

నీటి ఒడ్డున పనిచేసిన కుక్క తెలుగువాళ్లకూ ఒకటుంది. జోనంగి. కోస్తాంధ్రలో, ముఖ్యంగా కృష్ణా గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు చుట్టుపక్కల పెరిగిన కుక్క ఇది. వెంట్రుక ఉందా లేదా అన్నంత పొట్టి బొచ్చు, ముడతలు పడ్డ నొసలు, ఇసుకలో గుంత తవ్వుకుని అందులో పడుకునే అలవాటు. మొరగడం బాగా తక్కువ, గొంతెత్తి ఒక రకం కూత పెడుతుంది. బాతులను మేపుకునేవారు వాటిని తోలడానికి, కాయడానికి దీన్ని పెంచుకునేవారు. బాతును నోట కరవకుండా గుంపును నడిపించడం చిన్న సంగతి కాదు. ఎదుట రెక్కలు కొట్టుకునే ప్రాణి ఉన్నా నోరు అదుపులో పెట్టుకోగల గుణం ఆ పనిలోనే అబ్బింది. గాలం వేటకు కావాల్సిందీ సరిగ్గా అదే. చేపల చెరువులు పెరిగి, బాతుల మేత తగ్గి, జోనంగికి పని పోయింది. ఊరకుక్కలతో కలిసిపోయి అసలు జాతి అరుదైంది. ఇప్పటికీ దీన్ని నిలబెట్టాలని పెంచుతున్నవారు కొందరున్నారు. నమ్మకమైన చోట జోనంగి దొరికితే, లాబ్రడార్ మీద పెట్టే డబ్బు దీని మీద పెట్టడం ఎంతో మంచి నిర్ణయం. ఒక్క జాగ్రత్త: వేటగుణం కూడా ఉన్న కుక్క కాబట్టి కుందేలో ఉడుమో కనిపిస్తే పరుగు తీస్తుంది, తాడు చేతిలో ఉండాల్సిందే. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. గూడబాతులు గుడ్లు పెట్టే ఆటపాక లాంటి చోట్లకు మాత్రం ఏ కుక్కనూ తీసుకెళ్లరాదు.

పుట్టి, పడవ, గట్టు

పడవ ఎక్కితే బరువే ముఖ్యం. అమెరికాలోని దక్షిణ కరోలినా వేటగాళ్లు చిత్తడి నేలల్లో చిన్న పడవల మీద తిరగడానికే బాయ్‌కిన్ స్పానియల్ అనే చిన్న జాతిని తయారుచేసుకున్నారు. పెద్ద కుక్క లేచి ఒక అంచుకు వస్తే పడవ ఒరుగుతుందని వారికి తెలుసు. మన కృష్ణ మీద, తుంగభద్ర మీద తిరిగే పుట్టి ఇంకా సున్నితం. గుండ్రంగా ఉండి అడుగున పట్టు లేని పుట్టిలో ముప్పై కిలోల లాబ్రడార్ ఒక్కసారి అంచు మీద కాళ్లు పెడితే చాలు. పుట్టిలోకి పెద్ద కుక్కను ఎక్కించకపోవడమే సరైన పని. పడవలోనైతే వీపు మీద పట్టుకుని ఎత్తడానికి పిడి ఉండే కుక్కల లైఫ్ జాకెట్ తప్పనిసరి. ఈత వచ్చిన కుక్క కూడా నిట్టనిలువు పడవ అంచు ఎక్కలేక అలసి మునుగుతుంది.

గట్టున ఆపదలు వేరు. మంజీర అభయారణ్యం, కిన్నెరసాని జలాశయం మొసళ్లకు నిలయాలు. అలాంటి నీళ్ల అంచున కుక్కను వదలడం వాటికి మేత పెట్టడమే. ఎండాకాలంలో చెరువు మీద పచ్చ రంగు పోసినట్టు తెట్టు కడితే ఆ నీళ్లు తాగిన కుక్క గంటల్లో చనిపోవచ్చు, ఆ నాచు విషానికి విరుగుడు లేదు. సముద్రం ఒడ్డున జాలరులు వలలోంచి ఏరి పారేసే, బంతిలా ఉబ్బే చేపలోనూ విరుగుడు లేని విషమే ఉంటుంది. ఎలుకల మూత్రం కలిసిన నిలవ నీటి వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ మనుషులకూ అంటుతుంది. కాబట్టి గట్టుకు తెచ్చే కుక్కకు రేబిస్‌తో పాటు ఏటా ఆ టీకా కూడా పడాలి. గట్టు గడ్డిలో రక్తపింజర ఉంటుంది. పొదల్లో మూతి పెట్టి తిరిగే కుక్క కన్నా వేసిన గోనెసంచి మీద పడుకునే కుక్క ఎక్కువ కాలం బతుకుతుంది.

తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ అమెరికాలో ఒక ప్రత్యేకమైన ముప్పుంది. సియాటెల్, పోర్ట్‌లాండ్ నుంచి ఉత్తర కాలిఫోర్నియా దాకా నదుల్లో పట్టిన పచ్చి సాల్మన్, ట్రౌట్ తిన్న కుక్కకు ‘సాల్మన్ పాయిజనింగ్’ అనే జబ్బు రావచ్చు. చేపలోని సన్నని పరాన్నజీవి మోసుకొచ్చే సూక్ష్మజీవి దీనికి కారణం. తిన్న వారం లోపే జ్వరం, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. వైద్యం చేయించకపోతే చాలా కుక్కలు చనిపోతాయి, త్వరగా గుర్తిస్తే మామూలు యాంటీబయోటిక్‌తో కోలుకుంటాయి. అక్కడ చేపలు కోసిన చోట పడేసిన తలలు, పేగులు కుక్కకు అందకుండా చూడాలి. ఫ్లోరిడా, టెక్సస్ మడుగుల్లో ఎలిగేటర్ల భయం ఎటూ ఉన్నదే.

కుక్కను చూసి తేల్చుకోవడం

ఇన్ని చెప్పాక కూడా, ఒకే కాన్పులో పుట్టిన రెండు పిల్లల స్వభావాలు ఒకలా ఉండవు. ఎనిమిది వారాల పిల్లను చూసి అది గట్టు మీద కుదురుగా ఉంటుందో లేదో చెప్పగలిగేవారు లేరు. అందుకే రెండేళ్లు దాటిన, గుణం తేలిన కుక్కను తెచ్చుకోవడమే తెలివైన దారి. వీధికుక్కలను, వదిలేసిన కుక్కలను చేరదీసే షెల్టర్లలో ఇలాంటివి ఎప్పుడూ ఉంటాయి, వాటి తీరు అక్కడి వారికి తెలిసి ఉంటుంది.

తెచ్చుకునే ముందు ఒక ఉదయం దాన్ని తాడుతో చెరువు దగ్గరికి నడిపిస్తే చాలా విషయాలు బయటపడతాయి. గాలం అక్కర్లేదు, ఖాళీ రాడ్ చాలు. గోనెసంచి పరిచి, కుక్కను దాని మీద కూర్చోబెట్టి, రాడ్‌ను పైకి విసిరినట్టు ఆడించాలి. ఆ ‘సుయ్’ మన్న చప్పుడుకు తోక ముడుచుకుని వణికే కుక్కలున్నాయి, వాటిని బలవంతపెట్టకూడదు. రాడ్ కొస పట్టుకోవాలని ఎగిరేవీ ఉన్నాయి. తల తిప్పి చూసి, మళ్లీ గడ్డం ముందుకాళ్ల మీద ఆనించేది కావాలి. తర్వాత తడి గుడ్డ ఒకటి దారానికి కట్టి నీళ్లలోంచి లాగి, దాని ముందు నేల మీద తపతప కొట్టాలి. చేప పడినప్పుడు అది ఏం చేస్తుందో అప్పుడే తెలుస్తుంది. లేచి నిలబడటం సహజమే. ‘ఆగు’ అన్న మాటకు ఆగిందా, తాడు తెంచుకునేలా లాగిందా అన్నది చూడాలి. మూడోది, గట్టు మీద గేదెలో గొర్రెలో ఊరకుక్కలో వచ్చేదాకా వేచి ఉండటం. అవి దాటిపోయాక దాని రొప్పు, ఒంటి బిగువు ఎంతసేపట్లో సర్దుకున్నాయో చూస్తే మిగతా సగం తెలుస్తుంది. కొన్ని నిమిషాల్లో మామూలైతే పనికొచ్చే కుక్కే.

ఈ పరీక్షలో తేలని కుక్క చెడ్డదేం కాదు. సాయంత్రం పూట బంతి విసిరి ఈత కొట్టించడానికి అదే మంచి తోడు. గాలం వేసే పొద్దున మాత్రం ఇంటి దగ్గరే ఉండనివ్వాలి. ‘వదిలెయ్’ అన్న మాటకు నోట్లోది కింద పెట్టడం నేర్చుకున్నాక, ఆరు నెలలు ఆగి మళ్లీ గట్టుకు తీసుకెళ్లి చూడవచ్చు.